పదిహేడో అంశం

వీధి దీపాలకు బల్బులు, ఆమోదం.
కుక్కల బండికి డీజిల్, ఆమోదం.
అంగడి తైబజారు వేలం,
ఇద్దరు లేచి బయటికి పోయిండ్రు, ఆమోదం.
పదిహేడో అంశం కాడికొచ్చేసరికి
ఉప్మా ప్లేట్లు ఖాళీ అయినయి.
ఫ్యాను కింద ఎజెండా కాయితాలు
లేవాల్నా వద్దా అని కొసలెత్తి చూస్తున్నయి.

నేను మినిట్సు రాసేటోన్ని.
కోస్గి మున్సిపాలిటీల ఎవ్వరేం మాట్లాడినా
నా పెన్ను సందులకెళ్లే బయటికి పోవాలె.

'బస్టాండు చౌరస్తాలో కళాఖండం ఏర్పాటు గురించి.'

సప్లయరు పటం పంపిండు:
ఫైబరు జింకలు రెండు,
నడుమ నీళ్లు చిమ్మే తామర.
"మా గల్లీ నల్లాకే మూడొద్దులకోసారి నీళ్లు,
తామరకు దినాం యాడికెళ్లి తెస్తరు?"
తొమ్మిదో వార్డు కుర్మయ్య అడిగిండు.
అందరు నవ్విండ్రు.
నేను రాసుకున్న: సభ్యులు చర్చించిరి.

రెండోదానికి పటం లేదు.
మనిషే వచ్చిండు.
వెల్డరు చాంద్‌పాషా, గుండీ ఊడిన అంగీ,
ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.
ఆమెను బయట ట్రాలీల నిలబెట్టిండు,
కిటికీలకెళ్లి చూసినం.

విరిగిన బోరింగు పిడులే చేతులు.
అరిగిన పారలు ఒకదానిమీదొకటి అతికి కొంగు.
సైకిలు గొలుసు జడ.
నెత్తిన తట్ట, నిజం తట్టనే,
అడుగు చిల్లువడ్డది.
మొఖం మాత్రం లేదు.

"మొఖమేదయ్యా?"
"కుదర్లేదు సార్.
ఎవ్వరిది వెట్టినా ఇంకెవ్వరో యాదికొస్తున్నరు."

ఇగ మొదలైంది.
తాండూరు తొవ్వ దిక్కు తిరిగి ఉండాలని ఆరో వార్డు,
కాదు, మా మజీదు గల్లీ దిక్కని పదో వార్డు.
మొఖం లేని మనిషికి
ముప్పావుగంట దిక్కులు పంచిండ్రు.

చైర్‌పర్సన్ ఏదో అనవోయింది.
ఎనక కుర్చీలకెళ్లి ఆమె పెనిమిటి అన్నడు:
"వచ్చెటోళ్లు ఏమనుకుంటరు?
కూలోళ్ల ఊరనుకోరూ?"

పద్నాలుగో వార్డు మన్నెమ్మ
గెలిచిన కాడ్నుంచి ఆ సభల నోరు తెరవలేదు.
"పోయెటోళ్లు ఏమనుకుంటరో అడుగున్రి.
బొంబాయి బస్సు ఆన్నే గదా ఆగేది.
పదకొండేండ్లు ఎక్కిన నేను."
మల్ల చాంద్‌పాషా దిక్కు తిరిగి, మెల్లగ:
"ఆ తట్ట దిగుతదా, తమ్మీ?"
"దిగదమ్మా. వెల్డింగు వెట్టేసిన."

అప్పుడు ఫ్యాను చప్పుడొక్కటే.
దాన్నెట్ల రాయాల్నో నాకు తెల్వలే.
మినిట్సుల ఫ్యానుకు జాగ లేదు.
పదిహేడో అంశం: వాయిదా.

ఆమెను చెత్త ఆటోల షెడ్డుల వెట్టిండ్రు.
వాన వడ్డప్పుడు రేకుల సందుల నుంచి
నీళ్లు తట్టలవడి, చిల్లులకెళ్లి
లేని మొఖం మీదికి కారుతుండె.
ఊడ్చే సాయమ్మ పొద్దుగాల్నే వచ్చి
బోరింగు పిడికి సద్ది డబ్బా తగిలిచ్చేది,
"జర వట్టుకో" అని.
నేను ఇన్న. ఆఫీసుల ఎవ్వరికి చెప్పలే.

జింకలు వచ్చినయి.
ఒకదాని కొమ్ము రిబ్బను కోసిన నాడే ఇరిగింది.
తామరకు నీళ్లు ఇంకా మంజూరు కాలేదు.

ఇయ్యాల్టి ఎజెండాల నాలుగో అంశం:
పాత ఇనుము వేలం.
జాబితా నేనే టైపు చేసిన.
తుప్పు పైపులు పద్దెనిమిది.
చెత్త డబ్బాలు, మూతలు లేనివి, నలభై.
ఇనుప బొమ్మ, ఒకటి.
బరువు గడి ఒక్కటి ఖాళీగున్నది.

కాంటా తెచ్చినోడు నా దిక్కు చూసిండు,
నేను కమిషనర్ దిక్కు.
తట్టతోని రాయాల్నా సార్,
తట్ట ఇడిసి రాయాల్నా?